పక్క భవనం ఎత్తు, రాత్రి మోత: హైదరాబాద్‌లో జోనింగ్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేయడం ఎలా

ఇంటి పక్క ఖాళీ స్థలంలో పిల్లర్ గుంతలు తీయడం మొదలైన రోజు నుంచి, ఆ భవనంలో జనం దిగి జనరేటరు మోగే రోజు వరకు, పొరుగువారికి చట్టం ఇచ్చిన హక్కులు చాలానే ఉన్నాయి. అయినా ఫిర్యాదులు వీగిపోతున్నాయంటే అది హక్కు లేకపోవడం వల్ల కాదు. "చాలా ఎత్తు కడుతున్నారు", "చాలా మోత వస్తోంది" అన్న మాటల దగ్గరే ఫిర్యాదు ఆగిపోవడం వల్ల. అధికారి ముందు నిలబడేది కొలత, దానికి ఎదురుగా నిబంధన చెప్పిన అంకె, ఈ రెండూ ఉన్న కాగితం. ఆ కాగితాన్ని ఎలా తయారు చేసుకోవాలో, ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలో హైదరాబాద్ నిబంధనల ఆధారంగా ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. శబ్దానికి సంబంధించిన నిబంధనలు కేంద్ర ప్రభుత్వానివి కాబట్టి అవి విజయవాడకైనా విశాఖకైనా అలాగే వర్తిస్తాయి. భవన నిబంధనలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో వేరు. అక్కడ 2017లో జీవో 119 ద్వారా వచ్చిన నిబంధనలు చూసుకోవాలి.

ముందుగా మీ స్థలం ఏ జోన్‌లో ఉందో తేల్చుకోండి

భవనం ఎంత ఎత్తు, ఏ అవసరానికి కట్టవచ్చన్నదీ, ఆ వీధిలో ఎంత శబ్దం ఉండవచ్చన్నదీ స్థలం ఏ జోన్‌లో ఉందన్న ప్రశ్నతోనే మొదలవుతాయి. అందుకే మిగతా పనులన్నిటికంటే ముందు ఈ పని చేయాలి. పాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలోని ప్రాంతానికి 2010లో నోటిఫై చేసిన కోర్ ఏరియా మాస్టర్ ప్లాన్ ఉంది. దాని వెలుపల ఉన్న ప్రాంతంలో ఎక్కువ భాగానికి 2013 జనవరిలో వచ్చిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ 2031 వర్తిస్తుంది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వెబ్‌సైట్‌లో గ్రామం పేరు, సర్వే నంబరు ఆధారంగా మాస్టర్ ప్లాన్ చూడవచ్చు. కానీ తెర మీద కనిపించిన రంగును నమ్ముకుని ఫిర్యాదు రాయకండి. నిర్ణీత రుసుము కట్టి భూ వినియోగ ధ్రువపత్రం, అంటే ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్, తీసుకోండి. రెండు స్థలాల సమాచారం అవసరం: మీది ఒకటి, మీరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారో వారిది మరొకటి. మీ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉండి, రోడ్డుకు అవతలి వైపు వాణిజ్య జోన్‌లో ఉండటం ఈ నగరంలో సర్వసాధారణం. అలాంటి చోట ఏ పరిమితి వర్తిస్తుందన్న వాదన తప్పకుండా వస్తుంది.

స్థలం చెరువుకో నాలాకో దగ్గరగా ఉంటే మరో విషయం కూడా చూడాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం ఉన్న చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలా అయితే 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. ఈ హద్దుల లోపల జరిగే నిర్మాణం విషయంలో ఎత్తు, సెట్‌బ్యాక్ (హద్దుకూ భవనానికీ మధ్య వదలాల్సిన ఖాళీ) లెక్కలు వేస్తూ కూర్చోనవసరం లేదు. ఆ ఒక్క అంశం మీదనే ఫిర్యాదు ఇవ్వవచ్చు.

రోడ్డును టేపుతో కొలవండి

దేశంలోని చాలా నగరాల్లో భవన సాంద్రతను అదుపు చేసేది ఎఫ్‌ఎస్‌ఐ. స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న పరిమితి అది. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన జీవో 86తో ఆ పరిమితి పోయింది. ఇప్పుడు అమల్లో ఉన్న మూల నిబంధనలు 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168లో ఉన్నాయి. తర్వాత వాటికి అనేక సవరణలు వచ్చాయి, కానీ పునాది మారలేదు. స్థలం ఎంత, దాని ముందు రోడ్డు ఎంత వెడల్పు, భవనం చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్న మూడు ప్రశ్నలే ఈ నగరంలో ఎత్తును నిర్ణయిస్తాయి. వీధి మోయగలిగిన జనాన్ని రోడ్డు వెడల్పును బట్టి మాత్రమే అంచనా వేయడం సరిపోదని, తాగునీటి పైపు, డ్రైనేజీ లైను సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ నిబంధన మారే వరకు మన చేతిలో ఉన్న ఆయుధం రోడ్డు వెడల్పే కాబట్టి, దాన్ని జాగ్రత్తగా కొలవాలి.

ప్రహరీ నుంచి ఎదుటి ప్రహరీ వరకు, మధ్యలో ఉన్న కాలువలతో సహా కొలవండి. ఒక చోట కొలిచి ఊరుకోకుండా, ఆ స్థలం ముందు ఒకసారి, వీధి మధ్యలో ఒకసారి, వీధి వెళ్లి పెద్ద రోడ్డులో కలిసే చోట ఒకసారి కొలవండి. టేపు మీది అంకె స్పష్టంగా కనిపించేలా ఫొటో తీయండి. ప్లాన్‌లో 40 అడుగుల రోడ్డు అని చూపించి, నేల మీద 30 అడుగులే ఉంటే, ఆ అనుమతి తప్పుడు సమాచారం మీద తీసుకున్నదని వాదించడానికి అదే మొదటి ఆధారం. మాస్టర్ ప్లాన్‌లో ప్రతిపాదించిన వెడల్పు వేరు, ఇప్పుడు ఉన్న వెడల్పు వేరు. విస్తరణకు పోయే భాగాన్ని యజమాని రోడ్డుకు వదిలాడా, లేక ఆ భాగంలోనే మెట్లు, ర్యాంపు కట్టాడా అన్నది కూడా చూడండి.

ఎత్తుకు సంబంధించిన అంకెల్లో మీకు అన్నిటికంటే అక్కరకు వచ్చేది 18 మీటర్లు. జీవో 168 ప్రకారం 18 మీటర్లు, ఆపై ఎత్తున్న భవనం హైరైజ్ కిందికి వస్తుంది. స్లాబు నుంచి స్లాబుకు సుమారు 3 మీటర్లు అనుకుంటే, స్టిల్ట్ (పార్కింగ్ కోసం పిల్లర్ల మీద తెరిచి ఉంచే కింది అంతస్తు) మీద అయిదంతస్తులు కట్టినప్పుడు ఎత్తు దాదాపు ఈ గీత దగ్గర ఆగుతుంది. నగరమంతటా 'స్టిల్ట్ ప్లస్ ఫైవ్' భవనాలే కనిపించడానికి కారణం ఇదే. దాని మీద ఇంకో స్లాబు పడిందంటే భవనం హైరైజ్ నిబంధనల్లోకి వెళ్తుంది. అప్పుడు కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, అంటే దాదాపు 2,400 గజాలు, ఉండాలి. 21 మీటర్ల ఎత్తు వరకు 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ కావాలి. ఎత్తు 30 మీటర్లకు చేరితే 18 మీటర్ల రోడ్డు, 10 మీటర్ల ఖాళీ అవసరం. 45 మీటర్లకు 24 మీటర్ల రోడ్డు, 13 మీటర్ల ఖాళీ, 50 మీటర్లకు 30 మీటర్ల రోడ్డు, 14 మీటర్ల ఖాళీ ఉండాలన్నది మూల పట్టిక. 300 గజాల ప్లాటులో ఆరో అంతస్తు లేస్తుంటే, దానికి అనుమతి ఎక్కడిదని అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

అడిగే ముందు ఒక జాగ్రత్త. రోడ్డు విస్తరణలో స్థలం కోల్పోయినవారికి నష్టపరిహారానికి బదులుగా ఇచ్చే టీడీఆర్, అంటే బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కు, కొనుక్కుని అదనపు అంతస్తుకు చట్టబద్ధంగానే అనుమతి తెచ్చుకునే వీలుంది. సవరణలు కూడా తరచూ వస్తుంటాయి. కాబట్టి ఆ భవనానికి అనుమతి ఇచ్చిన తేదీన ఏ నిబంధన అమల్లో ఉందో దాని ప్రకారమే మాట్లాడాలి.

అనుమతి ప్లాన్ సంపాదించండి

2020 నవంబరు నుంచి టీఎస్‌-బీపాస్, 2025 నుంచి బిల్డ్‌నౌ అనే ప్రభుత్వ పోర్టళ్ల ద్వారా భవన అనుమతులు ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. టీఎస్‌-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే 21 రోజుల్లో సింగిల్ విండోలో నిర్ణయం తీసుకోవాలి. ఇందులో పొరుగువారు గమనించాల్సిన అంశం ఒకటుంది. స్వీయ ధ్రువీకరణతో వచ్చిన అనుమతిని ముందుగా ఏ అధికారీ నేల మీదికి వచ్చి చూసి ఉండకపోవచ్చు. దరఖాస్తులో రాసింది తప్పని తేలితే చర్య తీసుకునే అధికారం చట్టంలోనే ఉంది. ఆ తప్పును చూపించగలిగింది పక్కింటివారే.

ప్లాన్ చూడటానికి మొదటి దారి నిర్మాణ స్థలమే. నిర్మాణం సాగినంత కాలం ఆమోదిత ప్లాన్ ప్రతిని అక్కడ ప్రదర్శించాలని 2024 డిసెంబరు 17 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బోర్డు లేకపోతే, లేదన్న విషయాన్నే తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి. అమ్మకానికి కడుతున్న అపార్టుమెంటు అయి, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా, అది స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరాలో నమోదై ఉండాలి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు వివరాలు చూడవచ్చు.

ఇవేవీ దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద టౌన్ ప్లానింగ్ విభాగం ప్రజా సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వండి. "ఫలానా భవనం వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఒకే వాక్యంలో జవాబు వస్తుంది. అందుకని కావలసిన పత్రాలను పేరుపేరునా అడగండి: అనుమతి ఉత్తర్వుల ప్రతి, ఆమోదిత ప్లాన్ ధ్రువీకరించిన నకలు, టీడీఆర్ వాడి ఉంటే ఆ పత్రం, అదనపు అంతస్తులకు సవరించిన అనుమతి ఉంటే అది, ఇప్పటివరకు జరిగిన తనిఖీల నివేదికలు, ఇచ్చిన నోటీసులు. గడువు 30 రోజులు. ఆ లోపు రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి వెళ్లాలి. 30 రోజుల్లో రెండు స్లాబులు పడిపోతాయి కాబట్టి, ఆర్‌టీఐ జవాబు కోసం ఎదురుచూస్తూ ఫిర్యాదును ఆపకండి. రెండూ ఒకే రోజు ఇవ్వండి.

ప్లాన్‌కూ నేలకూ మధ్య తేడా కొలవండి

ప్లాన్ చేతికి వచ్చాక నాలుగు వైపులా చూపిన సెట్‌బ్యాక్‌లు, అంతస్తుల సంఖ్య, ఎత్తు, స్టిల్ట్ వినియోగం అనే నాలుగు అంశాలను చూడండి. సెట్‌బ్యాక్ అంటే హద్దు నుంచి భవనం గోడ వరకు ఆకాశానికి తెరిచి ఉండాల్సిన ఖాళీ. పై అంతస్తుల్లో బాల్కనీలు, గదులు ఆ ఖాళీలోకి చొచ్చుకువచ్చాయేమో కింది నుంచి చూస్తేనే తెలుస్తుంది. వారి స్థలంలోకి అడుగు పెట్టకండి. మీ ప్రహరీ మీది నుంచి, మీ మేడ మీది నుంచి కొలవడానికి వీలైనంతే కొలవండి.

తేడా ఎంతన్నది శాతంలో రాయడం నేర్చుకుంటే మీ ఫిర్యాదు బరువే మారిపోతుంది. నిబంధనల ప్రకారం, ముందు వైపు హద్దు రేఖను మినహాయించి, మిగతా వైపుల సెట్‌బ్యాక్‌లో 10 శాతం వరకు తేడా ఉంటే జరిమానా కట్టించుకుని ఆమోదించే వీలుంది. ఉదాహరణకు ప్లాన్‌లో మీ వైపు 2 మీటర్లు వదలాలని ఉందనుకుందాం. నేల మీద 1.85 మీటర్లు వచ్చిందంటే తేడా 15 సెంటీమీటర్లు, అంటే 7.5 శాతం. దాని మీద పోరాడినా చివరికి జరిమానాతో ముగుస్తుంది. అదే 1.5 మీటర్లు వచ్చిందంటే తేడా 25 శాతం. దాన్ని క్రమబద్ధం చేసే వీలు ఆ నిబంధన కింద లేదు. ఈ లెక్క వేసుకున్నాక మీ శక్తిని ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

స్టిల్ట్ పార్కింగ్‌కు మాత్రమే. అందులో చిన్న వాచ్‌మన్ గది వరకు ఫర్వాలేదు గానీ, షట్టర్లు బిగించి దుకాణాలు పెట్టినా, గోడలు కట్టి అద్దెకిచ్చినా అది ఉల్లంఘనే. కార్లన్నీ మీ వీధిలోకి వచ్చి నిలబడటానికి మూలం అదే. మేడ మీద మెట్ల గది, లిఫ్టు యంత్రం గది, నీళ్ల ట్యాంకులు ఉండవచ్చు. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ ఉండకూడదు.

స్లాబు పడకముందే ఫిర్యాదు ఇవ్వండి

కాలమే ఇక్కడ అన్నిటికంటే విలువైనది. పిల్లర్ల దశలో ఆపించగలిగినదాన్ని, జనం కాపురాలు పెట్టాక కూల్చడం దాదాపు అసాధ్యమవుతుంది. అప్పుడు నష్టపోయేది బిల్డరు కాదు, అప్పు చేసి ఫ్లాటు కొన్న కుటుంబం. మీ ఇంటి పునాదికి ఆనుకుని సెల్లార్ తవ్వుతుంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. మీ గోడల మీద అప్పటికే ఉన్న పగుళ్లను, కొత్తగా వచ్చినవాటిని వేర్వేరుగా ఫొటో తీసి, టౌన్ ప్లానింగ్ అధికారికీ పోలీసు స్టేషన్‌కూ అదే రోజు రాసివ్వండి.

ఫిర్యాదు మీ సర్కిల్ టౌన్ ప్లానింగ్ విభాగం అధికారి పేరిట, డిప్యూటీ కమిషనర్‌కు ప్రతితో ఉండాలి. ఆన్‌లైన్‌లో పెట్టి నంబరు తీసుకోండి. అదే కాగితాన్ని సోమవారం జరిగే ప్రజల ఫిర్యాదుల కార్యక్రమం ప్రజావాణిలో ఇచ్చి, రశీదు మీద ముద్ర వేయించుకోండి. సంతకాలు పది ఉంటే మంచిదే. కానీ కొలతలు లేని పది సంతకాల కంటే కొలతలున్న ఒక్క సంతకానికే బలం ఎక్కువ.

తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉంటే కంగారు తగ్గుతుంది. అనుమతి లేని నిర్మాణమైతే జీహెచ్‌ఎంసీ చట్టం, 1955లోని 452వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు, ఆ తర్వాత 636వ సెక్షన్ కింద తొలగింపు ఉత్తర్వు రావడం సాధారణంగా కనిపించే వరుస. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్లు, జలవనరుల వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకు, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకు అది వర్తించదు. కాబట్టి ఫిర్యాదు ఇచ్చిన మర్నాడే ఎవరూ రాలేదని నిరాశపడకండి. నోటీసు నంబరు, తేదీ అడిగి తెలుసుకోండి.

బిల్డరు సివిల్ కోర్టుకు వెళ్లి చర్యను ఆపే ఇంజంక్షన్ ఉత్తర్వు తెచ్చుకోవడం, అక్కడితో ఫైలు ఆగిపోవడం మీరు ముందుగానే ఊహించాల్సిన విషయం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 148ఏ సెక్షన్ కింద మీరు కేవియట్, అంటే మా వాదన వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దన్న ముందస్తు వినతి, వేస్తే మీకు తెలియకుండా మధ్యంతర ఉత్తర్వు రావడం కష్టమవుతుంది. దాని కాలం 90 రోజులు, తర్వాత మళ్లీ వేసుకోవాలి. "బీఆర్‌ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) దరఖాస్తు పెట్టుకున్నాం" అని ఎవరైనా అంటే, 2015లో వచ్చిన ఆ క్రమబద్ధీకరణ పథకం అప్పటికే కట్టేసిన భవనాల కోసమేనని, ఇప్పుడు లేస్తున్న అంతస్తుకు దానితో సంబంధం లేదని చెప్పండి.

భవనం పూర్తయ్యాక మిగిలిన చివరి తలుపు ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. చిన్న ఇళ్లకు తప్ప మిగతా భవనాలకు, నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని నోటరీ అఫిడవిట్ ద్వారా కార్పొరేషన్‌కు హామీగా ఉంచాలి. ప్లాన్ ప్రకారం కట్టినట్టు తేలి ఓసీ ఇస్తేనే అది విడుదలవుతుంది. కరెంటు, నీటి కనెక్షన్లు ఓసీ చూశాకే ఇవ్వాలని పైన చెప్పిన డిసెంబరు తీర్పులోనూ ఉంది. అందువల్ల మీ ఫిర్యాదు ప్రతిని, "ఓసీ ఇచ్చే ముందు ఈ అంశాలను తనిఖీ చేయాలి" అన్న అభ్యర్థనతో విద్యుత్ పంపిణీ సంస్థకు, జలమండలికి కూడా ఇవ్వండి.

శబ్దం: మీ జోన్‌కు ఏ అంకె వర్తిస్తుందో తెలుసుకోండి

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు నగరాన్ని నాలుగు రకాల ప్రాంతాలుగా విభజించాయి. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పగలు, మిగిలినది రాత్రి. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70 డెసిబెల్స్ పరిమితి. వాణిజ్య ప్రాంతంలో 65, 55. నివాస ప్రాంతంలో 55, 45. నిశ్శబ్ద మండలంలో 50, 40. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల పరిధిని నిశ్శబ్ద మండలంగా పరిగణించవచ్చు. కానీ 2017 సవరణ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం అలా ప్రకటించి ఉండాలి. అందుకని మీ దగ్గరి ఆస్పత్రి ఆ ప్రకటనలో ఉందో లేదో అడిగి తెలుసుకున్నాకే ఫిర్యాదులో ఆ మాట వాడండి.

కింద షాపులు, పైన ఇళ్లు ఉన్న వీధుల్లో ఏ పరిమితి? మిశ్రమ ప్రాంతాలను ఈ నాలుగింటిలో ఒకటిగా అధీకృత సంస్థ ప్రకటించవచ్చని నిబంధనల షెడ్యూలులోనే ఉంది. అలాంటి ప్రకటన లేకపోతే, మీరు మొదట తీసుకున్న భూ వినియోగ ధ్రువపత్రమే మీ ఆధారం. పట్టణ ప్రణాళిక తయారుచేసే సంస్థలు శబ్దాన్ని జీవన నాణ్యతకు కొలమానంగా లెక్కలోకి తీసుకోవాలని ఈ నిబంధనల్లోనే మూడో నియమం చెబుతోంది. భవనానికి అనుమతి ఇచ్చే ఫైలులో ఈ వాక్యాన్ని గుర్తు చేయడం మంచిది.

ఈ అంకెలు ఏదో ఒక క్షణంలో పలికిన మోతకు సంబంధించినవి కావు, కొంత వ్యవధి మీద తీసిన సగటుకు సంబంధించినవి. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కూడా కాదు. 10 డెసిబెల్స్ పెరిగిందంటే శబ్ద శక్తి పది రెట్లయినట్టు. రాత్రి 45 ఉండాల్సిన చోట 55 ఉంటే "కేవలం పదే కదా" అన్న జవాబును ఒప్పుకోకండి.

మూలాన్ని బట్టి కూడా నియమం మారుతుంది. లౌడ్‌స్పీకర్‌కు ఎప్పుడైనా రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట అసలు వాడకూడదు. మూసిన హాలులో, లోపలివారికి వినిపించేందుకు మాత్రమే మినహాయింపు ఉంది. కాబట్టి ఫంక్షన్ హాలుకు దొరికే వెసులుబాటు ఫంక్షన్ గార్డెన్‌కు దొరకదు. పండుగలు, సాంస్కృతిక సందర్భాల్లో రాత్రి 10 నుంచి 12 వరకు సడలింపు ఏడాదికి 15 రోజులకు మించకూడదు. అది రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాల్సిన సడలింపే తప్ప, నిర్వాహకులు తమంతట తాము తీసుకునేది కాదు. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ పెట్టినప్పుడు ఆ స్థలం హద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితికి 10 డెసిబెల్స్ పైన గానీ, 75 గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. నివాస ప్రాంతంలో పగలు అది 65 అవుతుంది. ప్రైవేటు స్థలంలోని సౌండ్ సిస్టమ్ అయితే హద్దు దగ్గర 5 డెసిబెల్స్ వరకే వెసులుబాటు, అంటే నివాస ప్రాంతంలో పగలు 60, రాత్రి 50.

నిర్మాణపు మోత విషయంలో నిబంధన మరీ సూటిగా ఉంది. నివాస ప్రాంతంలో రాత్రివేళ శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదు. పగలు భారీ లారీలకు ఆంక్షలున్నాయన్న కారణంతో రాత్రి పదకొండింటికి కాంక్రీటు పంపు తెచ్చి స్లాబు వేయడం, అర్ధరాత్రి బోరు వేయడం ఈ నియమానికి విరుద్ధం. దీనికి కొలత కూడా అక్కర్లేదు, సమయం ఒక్కటి చాలు. జనరేటరు విషయంలో 1,000 కేవీఏ లోపు సెట్లకు శబ్దాన్ని అడ్డుకునే పెట్టె తప్పనిసరి. పెట్టె నుంచి 1 మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు.

కొలిచి రాసుకోండి

ఫోన్ యాప్ అంకె కోర్టులో సాక్ష్యంగా నిలవకపోవచ్చు. కానీ పోలీసులు, కాలుష్య నియంత్రణ మండలి సరైన మీటరుతో కొలిచేందుకు రావాలని అడగడానికి అది చాలు. యాప్‌లో ఏ-వెయిటింగ్ (మనిషి చెవి వినే తీరుకు తగ్గట్టు కొలిచే పద్ధతి) ఎంచుకుని, ఫోన్‌ను గోడకు ఆనించకుండా నిలబడిన మనిషి ఛాతీ ఎత్తులో పట్టుకుని, మీ హద్దు దగ్గర పది పదిహేను నిమిషాలు ఆపకుండా కొలిచి సగటు రాసుకోండి. ఆ మోత లేనప్పుడు అదే చోట, అదే సమయానికి మరోసారి కొలవండి. ఈ రెండో కొలత లేకపోతే "అది రోడ్డు శబ్దం" అన్న జవాబుకు మీ దగ్గర బదులు ఉండదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో మొదలుపెట్టిన నిరంతర శబ్ద పరిశీలన కేంద్రాలు అబిడ్స్, పంజాగుట్ట, జీడిమెట్ల వంటి చోట్ల ఉన్నాయి. వాటి అంకెలు నగర పరిస్థితిని చెబుతాయి గానీ మీ వీధికి సాక్ష్యం కావు.

తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, మూలం, ఎక్కడ నిలబడి కొలిచారు, సగటు ఎంత అన్న వివరాలతో పుస్తకంలో వరుసగా రాయండి. ఫిర్యాదు ఇలా ఉండవచ్చు:

"మా ఇల్లు మాస్టర్ ప్లాన్ ప్రకారం నివాస జోన్‌లో ఉంది, ధ్రువపత్రం జతపరిచాను. మా ఉత్తరపు ప్రహరీని ఆనుకుని ఉన్న ఆరుబయలు ఫంక్షన్ గార్డెన్‌లో ఫలానా తేదీ రాత్రి 10.40 నుంచి 11.35 వరకు లౌడ్‌స్పీకర్లు వాడారు. మా హద్దు దగ్గర సగటు 68 డెసిబెల్స్ నమోదైంది. మర్నాడు అదే సమయానికి, కార్యక్రమం లేనప్పుడు 47 ఉంది. ఇది శబ్ద కాలుష్య నిబంధనలు, 2000లోని అయిదో నియమానికి విరుద్ధం. ఈ కార్యక్రమానికి ఇచ్చిన అనుమతి ప్రతిని నాకు ఇప్పించి, ఎనిమిదో నియమం కింద నిషేధపు ఉత్తర్వు జారీ చేయవలసిందిగా కోరుతున్నాను."

ఏడో నియమం ప్రకారం శబ్దం పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి దాటినప్పుడు, లేదా రాత్రి నిషేధాన్ని ఉల్లంఘించినప్పుడు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. మోత జరుగుతున్నప్పుడు 100కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. మర్నాడు రాతపూర్వక ఫిర్యాదు పోలీసు స్టేషన్‌లో ఇచ్చి, ప్రతిని పోలీసు కమిషనర్‌కు పంపండి. కమిషనరేట్ పరిధిలో ఈ నిబంధనల కింద అధికారి కమిషనరే. ఇది మనసుకు కష్టంగా అనిపించే పని అని నాకు తెలుసు, ముఖ్యంగా మోత గుడి నుంచో, మసీదు నుంచో, పక్కింటి పెళ్లి నుంచో వస్తున్నప్పుడు. అందుకని ఒక్కసారి వెళ్లి మర్యాదగా మాట్లాడండి, కాలనీ సంఘం ద్వారా అయితే ఇంకా మంచిది. కానీ ఇంట్లో పసిబిడ్డో, గుండె జబ్బు మనిషో ఉన్నప్పుడు ఆ మొహమాటం కోసం నెలలు గడిపేయకండి. ధార్మిక ఊరేగింపుల్లో డీజే వ్యవస్థలను హైదరాబాద్ పోలీసులు 2024లో నిషేధించారు. చట్టం మతాన్ని చూడదు, సమయాన్ని, అంకెను చూస్తుంది.

జవాబు రాకపోతే

జనరేటరు, కర్మాగారం, ఏసీ యంత్రాల వంటి స్థిరమైన మూలాలకు తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లండి. పోలీసులు పట్టించుకోని, మళ్లీ మళ్లీ జరిగే బాధకు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వగలరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 133వ సెక్షన్. అక్రమ నిర్మాణం మీదైనా, శబ్దం మీదైనా అధికారి కదలనప్పుడు చివరి దారి హైకోర్టులో రిట్ పిటిషన్. న్యాయవాది మిమ్మల్ని మొదట అడిగేవి ముద్ర వేసిన ఫిర్యాదు ప్రతులు, ఆన్‌లైన్ నంబర్లు, ఆర్‌టీఐ జవాబులు, భూ వినియోగ ధ్రువపత్రం, కొలతల పుస్తకం. వాటిని తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టి, ప్రతి పేజీకి నంబరు వేసి, స్కాన్ చేసి మరో చోట కూడా భద్రపరచండి. అసలు ప్రతులను ఏ కార్యాలయంలోనూ ఇవ్వకండి.